ఒరవడి దిద్దినవారు

బస్తర్ దక్షిణపు కొసన, జగదల్‌పూర్ నుంచి కోంటాకు పోయే జాతీయ రహదారి మీద, సుక్మా దాటిన తరువాత దోర్నపాల్ వస్తుంది. తూర్పు దిక్కున శబరి నది. ఆవలి ఒడ్డు ఒడిశా. దక్షిణాన కోంటా దాటితే తెలుగు నేల. పడమటికి చీలిన దారి అడవిలో 56 కిలోమీటర్లు సాగి జగర్‌గుండ చేరుతుంది. గోండి, దోర్లి, హల్బి, హిందీ, తెలుగు కలగలిసిన సరిహద్దు ప్రాంతమిది.

దేశపటంలో వెదికితే గాని కనిపించని ఈ ఊరి పేరు 2011 జూలై 5న భారత సర్వోన్నత న్యాయస్థానం వెలువరించిన ఒక తీర్పులోకి ఎక్కింది. ఆ తీర్పును వ్రాసిన న్యాయమూర్తి తెలుగువాడు. ఆ వ్యాజ్యం వేసిన ముగ్గురిలో ఒకరు తెలుగు రాష్ట్రంలో పనిచేసిన విశ్రాంత ఐ.ఎ.ఎస్. అధికారి. ఆ తీర్పు అడిగిన ప్రశ్నను అంతకు ముప్పై అయిదేళ్ళుగా హైదరాబాదు హైకోర్టులో కొందరు న్యాయవాదులు పట్టు విడవకుండా అడుగుతూ వచ్చారు.

వెనుకటి వీధిబడులలో పంతులుగారు పలక మీద అక్షరాలు వ్రాసి ఇచ్చేవారు. దానిని ఒరవడి అనేవారు. పిల్లవాడు దాని మీదనే మళ్ళీ మళ్ళీ దిద్దేవాడు. కొన్నాళ్ళకు పలక మీది అక్షరం చెరిగిపోయేది. చేతికి పట్టుబడిన వ్రాత మాత్రం నిలిచేది. న్యాయవాద వృత్తిలో ఆదర్శమూర్తుల ప్రభావం ఇటువంటిదే. గెలిచిన కేసులను కాలం చెరిపివేయవచ్చు. ఇచ్చిన తీర్పులను పై న్యాయస్థానం కొట్టివేయవచ్చు. ప్రశ్న అడిగే పద్ధతి మాత్రం చేతి నుంచి చేతికి అందుతుంది. దోర్నపాల్ కథ అందుకు ఒక నిదర్శనం.

శబరి ఒడ్డున ఏమి జరిగింది?

2005 జూన్‌లో అప్పటి దంతేవాడ జిల్లాలో మావోయిస్టులకు వ్యతిరేకంగా 'సల్వా జుడుం' అనే ఉద్యమం తలెత్తింది. దానిని శాంతియాత్ర అని ప్రభుత్వం వర్ణించింది. గోండి భాషలో ఆ మాటకు 'ప్రక్షాళన వేట' అనే అర్థం ఉన్నదని భాష ఎరిగినవారు చెప్పారు. ఏమైతేనేమి, అడవిలోని గ్రామాలు ఖాళీ అయినాయి. కొందరు రహదారి వెంట వెలసిన శిబిరాలకు తరలించబడ్డారు. అటువంటి పెద్ద శిబిరాలలో దోర్నపాల్ ఒకటి. వేలాదిమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవులలో తలదాచుకున్నారు. మిగిలినవారు ఇంకా లోపలి అడవులలోకి పోయారు.

రెండు వైపులా రక్తం పారింది. 2006 జూలై 17న దోర్నపాల్‌కూ కోంటాకూ నడుమ ఉన్న ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి ముప్పైమందికి పైగా సామాన్యులను చంపారు. 2007 మార్చి 15న రాణిబోద్లి స్థావరంలో 55 మంది పోలీసులు, ప్రత్యేక పోలీసు అధికారులు హతులయ్యారు. మరొక వైపున సల్వా జుడుం కార్యకర్తల మీద, వారి వెంట నడిచిన బలగాల మీద హత్యల, అత్యాచారాల, గృహదహనాల ఆరోపణలు గుట్టలుగా పేరుకున్నాయి.

ఈ 'ప్రత్యేక పోలీసు అధికారులు' ఎవరు? బిరుదు ఘనమైనదే గాని, వారిలో అత్యధికులు ఆదివాసీ యువకులు. అయిదవ తరగతి చదివి ఉంటే చాలును. రెండు నెలల శిక్షణ, నెలకు 3,000 రూపాయల గౌరవవేతనం, చేతికి తుపాకి. అటువంటివారి సంఖ్య 2011 నాటికి సుమారు 6,500కు చేరింది.

2007లో ముగ్గురు వ్యక్తులు సర్వోన్నత న్యాయస్థానం తలుపు తట్టారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర ఆచార్యురాలు నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, కేంద్ర ప్రభుత్వంలో కార్యదర్శిగా పనిచేసి విశాఖపట్నంలో స్థిరపడిన ఇ.ఎ.ఎస్. శర్మ. వారి పక్షాన భారత మాజీ అటార్నీ జనరల్ అశోక్ దేశాయి, న్యాయవాది నిత్యా రామకృష్ణన్ వాదించారు. స్థానిక ఆదివాసీ నాయకుడు, భారత కమ్యూనిస్టు పార్టీకి చెందిన కర్తం జోగా మరొక వ్యాజ్యం వేశారు. 2010 సెప్టెంబరులో ఆయననే అరెస్టు చేసి, ఘోరమైన నేరాలు మోపి కారాగారంలో ఉంచారు. 2013 జనవరిలో న్యాయస్థానం నిర్దోషి అని విడిచిపెట్టింది. న్యాయం అడిగినవాడు దాదాపు రెండున్నర సంవత్సరాలు చెరసాలలో ఉండవలసివచ్చిన ప్రాంతమది.

2011 మార్చి నెలలో మోర్‌పల్లి, తిమ్మాపురం, తాడ్‌మెట్ల గ్రామాలు తగులబడ్డాయి. సుమారు 250 ఇళ్ళు బూడిదైనాయి. బాధితులకు సాయం అందించడానికి బయలుదేరిన స్వామి అగ్నివేశ్ వాహనాల మీద మార్చి 26న దోర్నపాల్‌లో ఒక గుంపు దాడి చేసింది. సర్వోన్నత న్యాయస్థానపు తీర్పులోకి ఈ ఊరి పేరు ఎక్కింది అప్పుడే. ఆ గృహదహనాల మీద, దోర్నపాల్ దాడి మీద సి.బి.ఐ. విచారణ జరపాలని న్యాయమూర్తులు ఆదేశించారు.

కోర్టు విడిచిన ఆదర్శం, కోర్టులో నిలిచిన ఆదర్శం

తెలుగువారికి ప్లీడరు అనగానే గుర్తుకు వచ్చే మహనీయుడు ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశం. ఇంగ్లండులో బారిస్టరు చదివి, మద్రాసు హైకోర్టులో విస్తారంగా ఆర్జించి, 1921లో సహాయ నిరాకరణోద్యమంలో ఆ ఆర్జనను తృణప్రాయంగా విడిచిపెట్టిన త్యాగశీలి. 1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బహిష్కరణ సందర్భంలో తుపాకుల ఎదుట ఆయన చూపిన ధైర్యం తరతరాలుగా చెప్పుకునే ముచ్చట. పరాయి ప్రభుత్వపు కోర్టును విడిచిపెట్టడం ఆనాటి ఆదర్శం.

స్వాతంత్ర్యం వచ్చింది. రాజ్యాంగం వచ్చింది. కోర్టు మనదే అయింది. అప్పుడు కావలసిన ఆదర్శం వేరు. కోర్టును విడవక, కోర్టులోనే నిలిచి, 'వ్రాసుకున్న రాజ్యాంగాన్ని పాటించండి' అని సొంత ప్రభుత్వాన్ని నిలదీయడం. తెలుగునాట ఈ రెండవ ఒరవడి పెట్టినవారిలో ముఖ్యుడు కె.జి. కన్నబిరాన్.

1929 నవంబరు 9న మదురైలో జన్మించిన కన్నబిరాన్ హైదరాబాదులో న్యాయవాదిగా స్థిరపడ్డారు. నక్సలైటు ఉద్యమం, దాని అణచివేత రాష్ట్రాన్ని కుదిపివేసిన రోజులలో, ఇతరులు వకాల్తా పుచ్చుకోవడానికి జంకిన కేసులను ఆయన చేపట్టారు. రచయితలు ముద్దాయిలుగా ఉన్న సికిందరాబాదు కుట్ర కేసు 1974లో మొదలై, పదిహేనేళ్ళు సాగి, 1989లో ముద్దాయిల విడుదలతో ముగిసింది. ఆ డిఫెన్సు న్యాయవాదులలో కన్నబిరాన్ ప్రముఖులు.

అన్ని కేసులూ అలా ముగియలేదు. భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరిశిక్షను తప్పించడానికి న్యాయవాదులు, ప్రజాస్వామికవాదులు చేసిన ప్రయత్నమంతా వమ్మయింది. అత్యవసర పరిస్థితి నీడలో, 1975 డిసెంబరు 1న, వారిద్దరిని ఉరితీశారు. ఓడిన న్యాయవాది ఇంటికి పోయి పుస్తకాలు మూసివేయవచ్చు. కన్నబిరాన్ ఆ పని చేయలేదు. 1977లో ఎన్‌కౌంటర్ మరణాల మీద నిజనిర్ధారణకై లోకనాయక్ జయప్రకాశ్ నారాయణ్ చొరవతో ఏర్పడిన తార్కుండే కమిటీలో పనిచేశారు. 1978 నుంచి పదహారు సంవత్సరాలు ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘానికి, ఆ తరువాత చాలాకాలం పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ అనే జాతీయ సంస్థకు అధ్యక్షత వహించారు.

ఆయన వాదనలన్నిటి సారాన్ని ఒక చిన్న ప్రశ్నగా కుదించవచ్చు: 'ఏ చట్టం ప్రకారం?' ఒక మనిషిని అరెస్టు చేశారు; ఏ చట్టం ప్రకారం? సంకెళ్ళు వేశారు, ఏ చట్టం ప్రకారం? కాల్చి చంపారు, ఏ చట్టం ప్రకారం? అతడు నేరస్థుడు కావచ్చు, కాకపోవచ్చు. ఈ ప్రశ్న నేరస్థుని గుణగణాలను గురించినది కాదు. ప్రభుత్వానికి ఉన్న అధికారపు హద్దును గురించినది. మావోయిస్టుల హింసను సమర్థించేవాడే ఈ ప్రశ్న వేస్తాడని అనుకోవడం పొరపాటు. 1997లో ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలో ఏర్పడిన పౌరస్పందన వేదికలో కన్నబిరాన్ కూడ సభ్యులు. హింసను మానుకొమ్మని ఆ వేదిక ప్రభుత్వాన్నీ నక్సలైటు పార్టీలనూ సమానంగా కోరింది.

ఈ సంప్రదాయం ఒక్క దేశానిది కాదు. 1770లో బోస్టన్ నగరంలో జనం మీద కాల్పులు జరిపిన బ్రిటిష్ సైనికుల పక్షాన వాదించినవాడు జాన్ ఆడమ్స్. ఆయనే తరువాత అమెరికా రెండవ అధ్యక్షుడైనాడు. 1792లో ఇంగ్లండులో థామస్ పెయిన్ మీద రాజద్రోహ నేరం మోపినపుడు థామస్ ఎర్స్‌కిన్ ఆయన పక్షాన నిలిచాడు. కేసు ఓడిపోయాడు, వేల్స్ యువరాజు ఆస్థానంలో తనకున్న న్యాయవాది పదవి కూడ పోగొట్టుకున్నాడు. కాని ఎంతటి అప్రియుడైన కక్షిదారుకైనా న్యాయవాది దొరికి తీరాలనే నియమానికి ఇంగ్లీషు న్యాయవాదులు ఈనాటికీ ఎర్స్‌కిన్ పేరే ఉదహరిస్తారు. పెయిన్‌కు పడిన శిక్ష చరిత్ర పుటలలో ఒక వాక్యం. ఎర్స్‌కిన్ నిలిపిన నియమం రెండు శతాబ్దాలుగా వృత్తిధర్మం.

లెక్కల అధ్యాపకుడు నల్లకోటు ధరించిన కథ

ఒరవడి దిద్దినవారిలో కె. బాలగోపాల్ విలక్షణమైన వ్యక్తి. 1952 జూన్ 10న బళ్ళారిలో పుట్టారు. గణితశాస్త్రంలో డాక్టరేటు పొంది, వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా పనిచేశారు. 1985లో ఆ ఉద్యోగం వదులుకొని పూర్తికాలం పౌరహక్కుల కార్యకర్త అయ్యారు. ఆ బాట ఎంత ప్రమాదకరమైనదో అప్పటి సంఘటనలే చెబుతాయి. 1985లో వరంగల్లులో పిల్లల డాక్టరు రామనాథం, 1991లో అదే నగరంలో న్యాయవాది నర్రా ప్రభాకరరెడ్డి, 2000లో హైదరాబాదులో న్యాయవాది టి. పురుషోత్తం హత్యకు గురయ్యారు. ముగ్గురూ పౌరహక్కుల సంఘం నాయకులే.

నడివయసులో బాలగోపాల్ న్యాయశాస్త్రం చదివి, 1998లో న్యాయవాదిగా నమోదయ్యారు. అదే సంవత్సరం మానవ హక్కుల వేదిక ఏర్పడింది. ప్రభుత్వ హింసను ప్రశ్నించినట్లే విప్లవకారుల హింసను కూడ ప్రశ్నించాలనే అభిప్రాయంతో ఆయన, మరికొందరు ఈ వేదికను నెలకొల్పారు. గణితం నేర్పిన క్రమశిక్షణను ఆయన న్యాయవాదంలోకి తెచ్చారు. ముందు వాస్తవాలు, తరువాత సూత్రం, ఆపైన తీర్మానం. ఒక సంఘటన జరిగితే ఆ ఊరికి స్వయంగా పోవడం, నలుగురు చెప్పిన నాలుగు రకాల మాటలు విని సరిచూడడం, తమ పక్షానికి అనుకూలం కాని విషయాన్ని కూడ దాచకుండా నివేదికలో వ్రాయడం ఆయన పద్ధతి. దంతేవాడ యుద్ధం మొదలైన మరుసటి యేడు, 2006లోనే, మానవ హక్కుల వేదిక అక్కడి మరణాల మీద, నిర్వాసితుల మీద నివేదిక వెలువరించింది.

ఒరవడి ఎలా నిలుస్తుందో, తీర్పు ఎలా చెరుగుతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. పోలీసు కాల్పులలో మనిషి మరణిస్తే హత్యానేరంగా ప్రథమ సమాచార నివేదిక నమోదు కావాలని, ఆత్మరక్షణ కోసమే కాల్చామన్న మాట నిజమో కాదో న్యాయస్థానమే తేల్చాలని ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం చాలాకాలంగా వాదిస్తూ వచ్చింది. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు చెందిన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వాదనను అంగీకరించింది. వెనువెంటనే సర్వోన్నత న్యాయస్థానం ఆ తీర్పును నిలిపివేసింది. 2019 జూలైలో రద్దు కూడ చేసింది. అయితే ఓటమేనా? ఈ నడుమ, 2014 సెప్టెంబరు 23న, మహారాష్ట్రకు సంబంధించిన మరొక వ్యాజ్యంలో అదే న్యాయస్థానం పోలీసు కాల్పుల మరణాలకు పదహారు మార్గదర్శక సూత్రాలు విధించింది. నివేదిక నమోదు కావాలి, స్వతంత్ర దర్యాప్తు జరగాలి, మేజిస్ట్రేటు విచారణ జరగాలి అన్నవి వాటిలోనివి. హైదరాబాదులో అడిగిన ప్రశ్నకు ఢిల్లీలో, మరొక రాష్ట్రపు కేసులో, కొంత సమాధానం దొరికింది.

ఆ సమాధానం చూడడానికి బాలగోపాల్ లేరు. 2009 అక్టోబరు 8న, యాభై ఏడేళ్ళ వయసులో, హైదరాబాదులో మరణించారు. మరుసటి సంవత్సరం డిసెంబరు 30న కన్నబిరాన్ కన్నుమూశారు. అంతకు ఆరు రోజుల ముందే, ఆయన అధ్యక్షత వహించిన సంస్థకు ఛత్తీస్‌గఢ్ నాయకుడైన డాక్టర్ వినాయక్ సేన్‌కు రాయపూరు న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. మరి నాలుగు నెలలకు సర్వోన్నత న్యాయస్థానం ఆయనకు బెయిలు ఇచ్చింది.

పదవీ విరమణకు మూడు రోజుల ముందు

ఇక న్యాయపీఠం మీద కూర్చున్నవారి సంగతి. రంగారెడ్డి జిల్లా ఆకులమైలారం గ్రామంలో 1946 జూలై 8న పుట్టిన బి. సుదర్శన్‌రెడ్డి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, 1971 డిసెంబరులో న్యాయవాదిగా నమోదై, సీనియర్ న్యాయవాది కె. ప్రతాప్‌రెడ్డి కార్యాలయంలో పని నేర్చుకున్నారు. కన్నబిరాన్ వాదించిన హైకోర్టులోనే ఆయన ఇరవై మూడేళ్ళకు పైగా న్యాయవాదిగా గడిపారు. ప్రభుత్వ ప్లీడరుగా కూడ పనిచేశారు. 1995లో హైకోర్టు న్యాయమూర్తి, 2005లో గౌహతి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, 2007 జనవరిలో సర్వోన్నత న్యాయస్థాన న్యాయమూర్తి అయ్యారు.

2011 జూలై 8న ఆయన పదవీ విరమణ. మూడు రోజుల ముందు, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌తో కలిసి సల్వా జుడుం కేసులో తీర్పు చెప్పారు. ఆ తీర్పు పుటలలో మనకు వినిపించేది పాత ప్రశ్నే: ఏ చట్టం ప్రకారం? చదువు నోచని ఆదివాసీ పిల్లవానికి తుపాకి ఇచ్చి, పూర్తి శిక్షణ పొందిన సైనికుడు సైతం వెనుదీసే అడవిలోకి పంపే అధికారం ఏ రాజ్యాంగం ఇచ్చింది?

తీర్పులోని తర్కాన్ని సామాన్య పాఠకుడు సులభంగా గ్రహించవచ్చు. రాజ్యాంగం 14వ అధికరణం సమానత్వాన్ని హామీ ఇస్తున్నది. కొద్దిపాటి చదువు, కొద్ది వారాల శిక్షణ గల యువకుని పూర్తి స్థాయి పోలీసుతో సమానంగా ప్రమాదంలోకి నెట్టి, జీతంలో మాత్రం తక్కువ చూడడం సమానత్వం కాదు. 21వ అధికరణం ప్రాణానికి రక్షణ ఇస్తున్నది. తాను ఒప్పుకొన్న పని ఎంతటిదో తెలియని స్థితిలో ఉన్నవాని ఒప్పుకోలు ఒప్పుకోలు కాదు. అటువంటి ఒప్పుకోలు ఆధారంగా అతని ప్రాణాన్ని పణంగా పెట్టడం ఆ అధికరణానికి విరుద్ధం. అప్పటికే నూరుమందికి పైగా ప్రత్యేక పోలీసు అధికారులు చనిపోయి ఉన్నారు.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. వ్యాజ్యం వేసినవారు ముఖ్యంగా చెప్పుకున్నది సల్వా జుడుం వలన నష్టపోయిన గ్రామస్థుల గోడు. న్యాయమూర్తులు ఆ గోడు విన్నారు. దానితోపాటు తుపాకి పట్టిన ఆదివాసీ యువకుని ప్రాణాన్ని కూడ లెక్కలోకి తీసుకున్నారు. ఆయుధాలు వెనక్కు తీసుకొమ్మన్నారు. నియామకాలు రాజ్యాంగ విరుద్ధమన్నారు. అంతటితో ఆగక, ఆ యువకుల మీద ప్రతీకారం జరగకుండా వారికి రక్షణ కల్పించమని కూడ ఆదేశించారు. ఇళ్ళు తగులబెట్టబడినవారికీ, తగులబెట్టారన్న ఆరోపణ ఎదుర్కొన్నవారికీ రాజ్యాంగం ఒక్కటే అని అంత స్పష్టంగా చెప్పిన తీర్పులు అరుదు.

తీర్పు తరువాత

కథ ఇక్కడ ముగిసి ఉంటే పాఠకునికి సంతృప్తిగా ఉండేది. కాని న్యాయస్థానపు మాట అడవి దాకా నడవడానికి చాలాకాలం పడుతుంది. తీర్పు వచ్చిన యేడే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం సహాయక సాయుధ పోలీసు దళాల చట్టం చేసి, అదే యువకులను కొత్త పేరుతో కొలువులోకి తీసుకున్నది. ఇది కోర్టు ధిక్కారమేనని పిటిషనర్లు మళ్ళీ న్యాయస్థానానికి వెళ్ళారు. పద్నాలుగు సంవత్సరాల తరువాత, 2025 మే నెలలో, శాసనసభ చట్టం చేయడం ధిక్కారం కాజాలదని సర్వోన్నత న్యాయస్థానం ఆ దరఖాస్తును ముగించింది. శాంతిస్థాపన, బాధితుల పునరావాసం ప్రభుత్వాల బాధ్యత అని మాత్రం గుర్తుచేసింది.

సి.బి.ఐ. 2016 అక్టోబరులో తన దర్యాప్తు ఫలితాన్ని న్యాయస్థానానికి నివేదించింది. తాడ్‌మెట్ల దహనానికి ఏడుగురు ప్రత్యేక పోలీసు అధికారుల మీద, దోర్నపాల్ దాడికి సల్వా జుడుంతో సంబంధం ఉన్న 26 మంది మీద అభియోగపత్రాలు దాఖలు చేసింది. వెంటనే ఇంకొకటి జరిగింది. నవంబరులో నందినీ సుందర్ మీదనే హత్యకేసు పెట్టారు. 2019లో ఆధారాలు లేవని ఆమె పేరును తొలగించవలసివచ్చింది.

న్యాయమూర్తికీ ఆ తీర్పు సుదీర్ఘమైన నీడ అయింది. 2025 ఆగస్టులో ప్రతిపక్షాలు సుదర్శన్‌రెడ్డిని ఉపరాష్ట్రపతి పదవికి అభ్యర్థిగా నిలిపినపుడు, ఆ తీర్పు లేకపోయి ఉంటే మావోయిస్టు సమస్య ఎప్పుడో అంతమయ్యేదని కేంద్ర హోంమంత్రి విమర్శించారు. పద్దెనిమిదిమంది విశ్రాంత న్యాయమూర్తులు ఆ విమర్శను ఖండించారు. వారితో ఏకీభవించని విశ్రాంత న్యాయమూర్తులు మరొక ప్రకటన చేశారు. సెప్టెంబరు 9న జరిగిన ఎన్నికలో ఆయన 300 ఓట్లు పొంది ఓడిపోయారు. ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అన్నది పాఠకులు ఆలోచించుకోవచ్చు. ఒక తీర్పు పద్నాలుగేళ్ళ తరువాత కూడ దేశమంతటా చర్చకు వచ్చిందంటే, అది అడిగిన ప్రశ్న ఇంకా సజీవంగా ఉన్నదని అర్థం.

జగర్‌గుండ దారిలో

దోర్నపాల్ నుంచి జగర్‌గుండకు పోయే దారిలో బుర్కాపాల్ అనే ఊరు ఉన్నది. 2017 ఏప్రిల్ 24న, రహదారి నిర్మాణానికి కాపలా కాస్తున్న కేంద్ర రిజర్వు పోలీసు దళం మీద మావోయిస్టులు అక్కడ దాడి చేశారు. 25 మంది జవానులు ప్రాణాలు కోల్పోయారు. ఆ మరణాలకు బాధ్యులని ఆరోపిస్తూ చుట్టుపక్కల గ్రామాల నుంచి నూట ఇరవైమందికి పైగా ఆదివాసులను అరెస్టు చేశారు.

ఆ ముద్దాయిల స్థితిని ఊహించుకొనండి. వారి భాష గోండి. కోర్టు భాష హిందీ. ప్రత్యేక న్యాయస్థానం దంతేవాడలో ఉన్నది. హైకోర్టు బిలాస్‌పూర్‌లో, దోర్నపాల్‌కు ఐదు వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నది. ఇంట సంపాదించే మగవాడు జైలులో ఉంటే, అతనిని చూడడానికి బస్సు చార్జీ ఎక్కడ నుంచి వస్తుంది? ఇటువంటివారికి ఉచితంగా వాదించాలని 2013లో కొందరు యువ న్యాయవాదులు జగదల్‌పూర్‌లో న్యాయసహాయ బృందంగా ఏర్పడ్డారు. ఒత్తిళ్ళ వలన 2016 ఫిబ్రవరిలో ఆ ఊరు వదలవలసివచ్చింది.

అయినా ముద్దాయిలు ఒంటరివారు కాలేదు. చాలాకాలం గ్రామీణ భారతాన్ని పరిశోధించి, ఆ తరువాత బస్తర్‌లోనే నివసిస్తూ న్యాయవాదిగా మారిన బేలా భాటియా వారి పక్షాన వాదించారు. 2022 జూలై 15న దంతేవాడలోని ప్రత్యేక న్యాయస్థానం 121 మందిని నిర్దోషులుగా ప్రకటించింది. అయిదేళ్ళకు పైగా జైలులో ఉన్న తరువాత. వారిలో ఒకడు తీర్పు వినకుండానే నిర్బంధంలో మరణించాడు. జవానుల మరణానికి అసలు కారకులెవరో కూడ ఆ విచారణ తేల్చలేకపోయింది. న్యాయం ఆలస్యమైతే నష్టపోయేది ఒక్క పక్షం కాదు. 121 ఆదివాసీ కుటుంబాలూ నష్టపోయాయి, 25 జవానుల కుటుంబాలూ నష్టపోయాయి.

ఒక లెక్కల అధ్యాపకుడు నడివయసులో నల్లకోటు తొడుక్కోవడం తెలుగునాట కథ. ఒక పరిశోధకురాలు నడివయసులో నల్లకోటు తొడుక్కోవడం బస్తర్‌లో కథ. ఒకరిని చూసి మరొకరు ఆ పని చేశారని మనం చెప్పనక్కరలేదు. కాని ఇద్దరి దారీ ఒక్కటే. కాగితం మీద ఫిర్యాదు వ్రాసి ఊరుకోక, ఆ ఫిర్యాదును న్యాయమూర్తి సమాధానం చెప్పి తీరవలసిన ప్రశ్నగా మార్చి, కోర్టు గదిలో నిలబడి అడగడం.

ఏటేటా వేలాదిమంది యువతీయువకులు మన న్యాయ కళాశాలల నుంచి పట్టాలు పుచ్చుకొని వస్తున్నారు. వారిలో ఎక్కువమంది పెద్ద నగరాలలో, పెద్ద కక్షిదారుల కోసం పనిచేస్తారు. అందులో తప్పేమీ లేదు. అయితే ఆ వేలలో పదిమంది జిల్లా కోర్టులవైపు నడిచినా, వారిలో ఇద్దరు దంతేవాడ, పాడేరు, ఉట్నూరు వంటి చోట్ల నిలిచినా, ఎన్నో కుటుంబాల తలరాత మారుతుంది. వారు నేర్చుకోవలసినది మహోపన్యాసం కాదు. నేలకు పోయి చూడడం. అనుకూలం కానిది కూడ దాచకపోవడం. కక్షిదారు మంచివాడా చెడ్డవాడా అని తూచకుండా చట్టం ఏమన్నదో అడగడం. ఓడితే మరుసటి ఉదయం మళ్ళీ అదే కోర్టుకు రావడం.

కన్నబిరాన్, బాలగోపాల్ లేరు. సుదర్శన్‌రెడ్డి తీర్పు పూర్తిగా అమలు కాలేదు. దోర్నపాల్ దారిలో నడిచే కోయ, దోర్ల ఆదివాసులలో చాలామందికి ఈ పేర్లు తెలియకపోవచ్చు. తెలియవలసిన అవసరం కూడ లేదు. దంతేవాడ కోర్టులో తన పేరు పిలిచినపుడు పక్కన లేచి నిలబడే న్యాయవాది ఒకరు ఉంటే, వారికి అది చాలు.